టోగో వీధి బెర్లిన్‌లో ఎందుకుంది

బెర్లిన్,
నవంబరు 2024

ప్రియమైన రాఘవా,

నీ ఉత్తరం అందింది. ఆవకాయ పంపడానికి నా కొత్త చిరునామా అడిగి, అది చేతికి రాగానే "దేశం జర్మనీ అంటావు, వీధి టోగో అంటావు, పోస్టాఫీసువాళ్ళు దీన్ని ఆఫ్రికాకు పంపిస్తే నా పూచీ లేదు" అని నువ్వు రాసిన వాక్యం చదివి చాలాసేపు నవ్వుకున్నాను. భయపడకు. నేను ఆఫ్రికాకు వెళ్ళలేదు. కాకపోతే నేనున్న పేటను ఇక్కడివాళ్ళు ఆఫ్రికా పేట అనే పిలుస్తారు. ఈ ఇంట్లో దిగిన మొదటి వారం నీలాగే నేనూ ఆశ్చర్యపోయి, ప్రతి ఆదివారం ఒక్కో వీధి తిరుగుతూ పలకల మీది పేర్లు చదవడం మొదలుపెట్టాను. ఊరి పేర్ల పుట్టుక అంటే నీకున్న పిచ్చి నాకు తెలుసు గనుక, తీరిగ్గా కూర్చుని ఈ సంగతంతా నీకు రాస్తున్నాను.

ముందు ఊరి ఆనవాళ్ళు చెబుతాను. బెర్లిన్ నగరంలో ఉత్తరం వైపు వెడ్డింగ్ అనే ప్రాంతం ఉంది. ఇంగ్లీషు తెలిసిన మనకు ఆ మాట వినగానే పెళ్ళి గుర్తొస్తుంది కానీ దానికీ పెళ్ళికీ సంబంధం లేదు. అది మధ్యయుగంలో ఇక్కడ ఉండిన ఒక పల్లె పేరు. ఆ ప్రాంతాన్ని చీల్చుకుంటూ వెళ్ళే పెద్ద రోడ్డు ముల్లర్ స్ట్రాసె. స్ట్రాసె అంటే వీధి, ముల్లర్ అంటే మర ఆడించేవాడు. ఒకప్పుడు ఈ దారి పొడవునా గాలిమరలు తిరిగేవట. ఆ రోడ్డుకు పడమర పక్కన, రేబెర్గె అనే పెద్ద పార్కు దాకా పరచుకున్నదే మా పేట. భూగర్భ రైలు దిగే స్టేషను పేరే ఆఫ్రికానిషె స్ట్రాసె. అక్కడ మెట్లెక్కి పైకి వచ్చి కాస్త తిరిగితే కామెరూన్, టోగో, కాంగో, గినియా, సెనెగల్, ట్రాన్స్‌వాల్, జాంజిబార్, విండ్‌హుక్, స్వాకోప్‌ముండ్ అన్నీ వరసగా ఎదురవుతాయి. రువాండాలోని ఒక సరస్సు పేరు కూడా ఒక చిన్న వీధికి ఉంది. భూగోళశాస్త్రం పరీక్షకు చదువుకునే పిల్లవాడికి ఈ పేటలో పది నిమిషాల నడక చాలు.

ఇవి ఆఫ్రికా మీది అభిమానంతో పెట్టిన పేర్లు కావు. 1884 నుంచి జర్మనీ కూడా మిగిలిన ఐరోపా దేశాలతో పోటీపడి ఆఫ్రికాలో వలసరాజ్యాలు సంపాదించుకుంది. టోగో, కామెరూన్, ఇప్పటి నమీబియా, ఇప్పటి టాంజానియాలో పెద్ద భాగం దాని చేతికి వచ్చాయి. అప్పటికి బెర్లిన్ ఉత్తరం వైపు వేగంగా పెరుగుతోంది. కొత్త వీధులు గీస్తున్నారు, వాటికి కొత్త పేర్లు కావాలి. 1899లో మొదట పేరు పడ్డవి రెండు, కామెరూన్ వీధీ, మా టోగో వీధీ. కొత్తగా పొలం కొన్న ఆసామి దాని పేరును పదిమందిలో పదేపదే తలచుకున్నట్టే, ఈ నగరం తన కొత్త ఆస్తుల పేర్లను గోడలకు తగిలించుకుంది. పక్కనున్న రేబెర్గె ఇసుక దిబ్బల మీద హాంబుర్గుకు చెందిన జంతువుల వ్యాపారి కార్ల్ హాగెన్‌బెక్ ఒక జంతుప్రదర్శనశాల కట్టి, అందులో వలసల నుంచి తెచ్చిన జంతువులతోపాటు మనుషులను కూడా నిలబెట్టి చూపించాలని పథకం వేశాడు. నేను తప్పు రాయలేదు రాఘవా, మనుషులనే. అలాంటి ప్రదర్శనలు అప్పటికే అతని వ్యాపారంలో ఒక భాగం. మొదటి ప్రపంచయుద్ధం వచ్చి ఆ పథకం ఆగిపోయింది. ఇప్పుడు అక్కడ పిల్లలు ఆడుకుంటున్నారు, నేను సాయంత్రం నడకకు వెళుతున్నాను.

దేశాల పేర్లతో ఎవరికీ పెద్ద పేచీ రాలేదు. పేచీ అంతా ముగ్గురు మనుషుల పేర్ల దగ్గర వచ్చింది. వాళ్ళు ల్యూడెరిట్స్, నాఖ్టిగాల్, పేటర్స్.

అడోల్ఫ్ ల్యూడెరిట్స్ బ్రెమెన్ నగరానికి చెందిన పొగాకు వ్యాపారి. అతడు 1883లో ఇప్పటి నమీబియా తీరంలో నామా జాతి నాయకుడైన యోసెఫ్ ఫ్రెడెరిక్స్ దగ్గర డబ్బూ తుపాకులూ ఇచ్చి భూమి కొన్నాడు. ఒప్పందంలో తీరం నుంచి లోపలికి ఇరవై మైళ్ళు అని రాశారు. ఆ నాయకుడికి తెలిసినది ఇంగ్లీషు మైలు, అంటే కిలోమీటరున్నర పైచిలుకు. ల్యూడెరిట్స్ మాత్రం సంతకాలయ్యాక అది జర్మన్ మైలు అన్నాడు, అంటే దాదాపు ఏడున్నర కిలోమీటర్లు. ముప్ఫైరెండు కిలోమీటర్ల నేల ఒక్క మాటతో నూట నలభై ఎనిమిదైంది. మన సంతలో మానిక అడుగు నొక్కి బియ్యం కొలిచేవాణ్ణి జనం నాలుగు తిట్టి పంపుతారు, ఇంత నేల కొలిచినవాడికి మాత్రం 1902లో మా పేటలో ఒక వీధి దక్కింది.

గుస్టావ్ నాఖ్టిగాల్ తీరు వేరు. అతడు వైద్యుడు, సహారాలో ఏళ్ళ తరబడి తిరిగిన యాత్రికుడు. అతని పేరులో ఒక అక్షరం కలిపితే జర్మన్‌లో రాత్రివేళ పాడే పిట్ట అవుతుంది. అతడు 1884లో చక్రవర్తి ప్రతినిధిగా యుద్ధనౌక ఎక్కి, టోగోలోనూ కామెరూన్‌లోనూ జర్మన్ జెండా ఎగరేయించాడు. మరుసటి ఏడు తిరుగు ప్రయాణంలో ఓడ మీదే చనిపోయాడు. పండితుడు కదా, అతని పేరు ఉండనివ్వవచ్చు కదా అని ఇక్కడ కొందరు వాదించారు. ఆ వాదనను నేను పూర్తిగా కొట్టిపారేయలేకపోయాను. అయితే మా పేటలోని కూడలికి అతని పేరు పెట్టింది అతని పాండిత్యానికి కాదు, ఆ జెండాలకే.

ఇక కార్ల్ పేటర్స్ విషయంలో వాదించడానికి ఏమీ లేదు. తూర్పు ఆఫ్రికా వలసకు పునాది వేసిన ఇతడు అక్కడ తన దగ్గర పనిచేసే కుర్రవాణ్ణీ, తాను ఉంచుకున్న ఒక ఆఫ్రికా యువతినీ ఉరి తీయించాడు. ఆ సంగతి బయటపడి, వలసలను ఏలిన ఆనాటి జర్మన్ ప్రభుత్వమే 1897లో అతణ్ణి ఉద్యోగం నుంచి తొలగించింది. జనం అతనికి పెట్టిన మారుపేరు 'ఉరి పేటర్స్'. అలాంటివాణ్ణి మళ్ళీ నెత్తికెత్తుకున్నది నాజీలు. 1939లో మా పేటలో చెట్ల వరసల మధ్య సాగే ఒక అందమైన దారికి వాళ్ళు అతని పేరు పెట్టారు. అదే పేటర్స్ ఆలే.

ఇక్కడే నీకు నచ్చే ముచ్చట ఒకటి ఉంది. 1980లలో ఈ పేరు మీద అభ్యంతరాలు లేచాయి. పేరు మారిస్తే చిరునామాలు మారాలి, దుకాణాల బోర్డులు మారాలి, ఉత్తరాలు దారి తప్పుతాయి. అధికారులు ఆలోచించి ఆలోచించి 1986లో ఒక ఉపాయం కనిపెట్టారు. వీధి పేరులో ఒక్క అక్షరం కూడా మార్చకుండా, ఆ పేటర్స్ ఈ పేటర్స్ కాదని ప్రకటించారు. హన్స్ పేటర్స్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు ఒకాయన ఉండేవాడు. నాజీలకు ఎదురుతిరిగిన మంచి మనిషి, తరువాత బెర్లిన్ నగరసభలో సభ్యుడు. ఇకమీదట వీధి ఆయనదేనని చెప్పి, పలక మీద ఆయన గురించి ఒక చిన్న రేకు తగిలించారు. ఇంటిపేరు కలిసిందని ఒకరి పొలం పట్టా ఇంకొకరి పేరున రాసినట్టు లేదూ? పాపం ఆ ఆచార్యుడికి ఆఫ్రికాతో ఏ సంబంధమూ లేదు. ఆయన విండ్‌హుక్‌కూ జాంజిబార్‌కూ మధ్య అతిథిలా దశాబ్దాల పాటు నిలబడ్డాడు. తెలిసినవాళ్ళకు మాత్రం ఆ పేరు చదివినప్పుడల్లా పాత మనిషే గుర్తొచ్చేవాడు.

అసలైన మార్పు రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. కొత్త పేర్లు సూచించడానికి ఒక సంఘాన్ని వేశారు. వాళ్ళు ముందుగా చెప్పిన పేర్లలో పదిహేడో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళతో పోరాడిన అంగోలా రాణి న్‌జింగా పేరు ఉంది. ఆమె కూడా బానిసల వ్యాపారం చేసిందని ఎవరో గుర్తుచేశారు. అంతటితో ఆ పేరు పక్కకు వెళ్ళింది. ఇంకోవైపు పేటలో ఉంటున్నవాళ్ళలో చాలామంది పేరు మార్పు మీద అభ్యంతరాలు దాఖలు చేశారు, కొందరు కోర్టుకు కూడా వెళ్ళారు. వాళ్ళందరినీ వలసవాద అభిమానులని అనడం అన్యాయం. గుర్తింపు కార్డు మొదలు బ్యాంకు దాకా అన్నిచోట్లా చిరునామా మార్చుకోవడం ఇక్కడ చిన్న పని కాదు, ఈ మధ్యనే ఇల్లు మారిన నాకు అది బాగా తెలుసు.

చివరకు 2022 డిసెంబరు 2న రెండు పేర్లు మారాయి. నాఖ్టిగాల్ కూడలి మాంగా బెల్ కూడలి అయింది. కామెరూన్‌లో డువాలా ప్రజల రాజు రుడోల్ఫ్ డువాలా మాంగా బెల్, ఆయన భార్య ఎమిలీ, ఇద్దరి పేరునా పెట్టారు. ఆయన జర్మనీలో చదువుకున్నవాడు. తెల్లవాళ్ళ నివాసాలకు దూరంగా ఉండాలంటూ తన ప్రజలను నది ఒడ్డు నుంచి వెళ్ళగొట్టబోతే, ఆయన అర్జీలతో, న్యాయవాదులతో, జర్మన్ చట్టం ప్రకారమే పోరాడాడు. 1914 ఆగస్టు 8న దేశద్రోహం మోపి ఉరి తీశారు. చట్టాన్ని నమ్ముకున్నవాడికి చట్టం పేరుతోనే ఉరి పడింది.

అదే రోజు ల్యూడెరిట్స్ వీధికి కార్నేలియుస్ ఫ్రెడెరిక్స్ పేరు వచ్చింది. ఇంటిపేరు గమనించావా? ఇరవై మైళ్ళ దగ్గర మోసపోయిన నాయకుడిదీ అదే ఇంటిపేరు. ఈయన జర్మన్ సైన్యం మీద తిరగబడ్డ నామా యోధుడు. పట్టుబడిన వాళ్ళను షార్క్ దీవి అనే నిర్బంధ శిబిరంలో పెట్టారు. చలికీ ఆకలికీ జబ్బులకీ వెయ్యి మందికి పైగా రాలిపోయిన ఆ దీవిలోనే 1907లో ఈయనా చనిపోయాడు. ఆ దీవిని ఆనుకుని ఉన్న ఊరి పేరు ల్యూడెరిట్స్. నమీబియాలో ఆ ఊరికి ఈనాటికీ అదే పేరు. ఇక్కడ బెర్లిన్‌లో పలక మారింది, అక్కడ ఊరు మారలేదు. ఈ సంగతి తెలిసిన రోజున నేను ఆ వీధి మూలన చాలాసేపు నిలబడిపోయాను.

పేటర్స్ ఆలే వంతు మొన్న ఆగస్టు 23న వచ్చింది. బానిసల వ్యాపారాన్ని ప్రపంచమంతా గుర్తుచేసుకునే రోజది. ఆ దారిని రెండు ముక్కలు చేసి, ఒకదానికి అన్నా ముంగుండా అని పేరు పెట్టారు. 1959 డిసెంబరు 10న విండ్‌హుక్‌లో నల్లవాళ్ళను వాళ్ళ పేట నుంచి బలవంతంగా ఖాళీ చేయిస్తుంటే ఎదురుతిరిగి, కాల్పుల్లో ప్రాణం పోగొట్టుకున్న స్త్రీ ఆమె. అప్పటికి అక్కడ ఏలుబడి జర్మన్లది కాదు, దక్షిణాఫ్రికాది. ఆ తేడా పలక చూసేవాళ్ళందరికీ తెలియాలని నాకు అనిపిస్తుంది.

రెండో ముక్క పేరు వింటే నువ్వు నవ్వకుండా ఉండలేవు. దాని పేరు మాజీ మాజీ ఆలే. మన మాజీ మంత్రులతో దీనికి చుట్టరికం లేదు. స్వాహిలీలో 'మాజీ' అంటే నీళ్ళు. 1905లో తూర్పు ఆఫ్రికాలో బలవంతపు పత్తి సాగు మీదా పన్నుల మీదా జనం తిరగబడ్డారు. మంత్రించిన నీళ్ళు ఒంటి మీద పడితే తూటాలు నీళ్ళైపోతాయని వాళ్ళు నమ్మారు. తూటాలు తూటాలుగానే వచ్చాయి, ఆ వెనక కరువు వచ్చింది. చనిపోయినవాళ్ళు లక్షల్లో ఉంటారని చరిత్రకారుల అంచనా. ఆ దారిలో మొదటిసారి కొత్త పలక చూసినప్పుడు తెలుగువాణ్ణి గనుక నాకు "మాజీ పేటర్స్ ఆలే" అనే తోచింది, అదీ నిజమే కదా.

పేటలో చిన్నచిన్న వింతలు ఇంకా ఉన్నాయి. ఇక్కడ జనం కూరగాయలూ పూలూ పెంచుకునే చిన్న తోటల గుంపును జర్మన్‌లో కొలొనీ అంటారు, వలసరాజ్యానికీ అదే మాట. మా పేటలోని తోటలకు టోగో అని పేరు. రెండూ కలిపి చదివితే ఏమవుతుందో నువ్వే ఊహించుకో. బోర్డు మీద చాలాకాలం అలాగే ఉండి, తరువాత మార్చుకున్నారు. ఇంకొకటి, ఈ పేటలో గానా వీధి ఉంది. దానికి పేరు పెట్టింది 1958లో, గానా స్వతంత్రదేశమైన మరుసటి ఏడు. చుట్టూ ఉన్నవాటిలో చాలావరకు స్వంతదారు పెట్టుకున్న పేర్లైతే, ఇదొక్కటి పొరుగువాడికి చెప్పిన నమస్కారం.

మా కింది అంతస్తులో ఉండే పెద్దావిడ ఇప్పటికీ పేటర్స్ ఆలే అనే అంటుంది, అని నాలుక కరుచుకుంటుంది. 2015లో రాజమహేంద్రవరం అయిపోయాక కూడా రైలు టికెట్టు అడిగేటప్పుడు నువ్వు రాజమండ్రి అనలేదా?

ఇక పార్సెల్ సంగతి. చిరునామా రాసేటప్పుడు సంధి సూత్రాలు ఇష్టపడే నీకు ఒక హెచ్చరిక. టోగో నామవాచకం గనుక 'టోగోస్ట్రాసె' అని కలిపి ఒకే మాటగా రాయాలి. పక్కవీధి 'కామెరూనర్ స్ట్రాసె' విశేషణం గనుక విడిగా రాయాలి. మనిషి పూర్తి పేరున్న వీధైతే మాటకూ మాటకూ మధ్య అడ్డగీతలు పెట్టాలి. దేశం పేరు జర్మనీ అని పెద్ద అక్షరాలతో అడుగున రాయి, టోగోకు మాత్రం కింద గీత గీయకు. జాడీ మూత చుట్టూ మైనం పూయడం మరిచిపోవద్దు, వదినగారిని అడిగానని చెప్పు.

నీ
ప్రసాద్