జూన్ 10 తర్వాత మీ ఇంట్లో కాపీ చేసిన సీడీల గురించి

నమస్కారమండీ. విజయవాడ, గుంటూరు, తెనాలి, బందరు వైపు ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని మీ ఇళ్లకే వచ్చి, మీ పాటల సీడీలను హార్డ్‌డిస్కులోకి ఎక్కించే పని పదకొండేళ్లుగా చేస్తున్నాను. ఈ జూన్ 10 నుంచి ఆగస్టు చివరి దాకా చేసిన పనిలో తప్పు దొర్లింది. మొత్తం 19 ఇళ్లు. ఆ మాట నా నోటి నుంచే మీకు తెలియాలి.

తెనాలిలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారున్నారు. ఆయన దగ్గర 140 దాకా కర్ణాటక కచేరీల సీడీలు. పని అయిన పది రోజులకు ఫోన్ చేసి, "బాబూ, వయొలిన్ ఆలాపనలో ఒకచోట టిక్కుమంటోంది" అన్నారు. నేను చెవిన పెట్టలేదు. "గీతలున్నాయి కదండీ, సీడీలోనే ఉండి ఉంటుంది" అన్నాను. నా రిపోర్టులో తప్పులు సున్నా అని ఉంది మరి. ఆయన వాదించలేదు, ఒకసారి వచ్చి వినమన్నారంతే.

వెళ్లాను. ముందు తన పాత ప్లేయర్లో సీడీ పెట్టారు. కాంభోజి ఆలాపన, నాలుగో నిమిషం. కమాను పై షడ్జం మీద సన్నగా నిలబడే చోటు. శుభ్రంగా ఉంది. తర్వాత నా ఫైలు పెట్టారు. సరిగ్గా అక్కడే టిక్. ఆయన నా వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. తిట్టినా బాగుండేది.

జరిగింది ఇదీ. జూన్‌లో నా పాత సీడీ డ్రైవ్‌లు రెండూ మొరాయించాయి. ఎనిమిదేళ్లుగా సరుకు తెచ్చుకునే డీలర్ దగ్గరే అదే మోడల్ రెండు కొన్నాను. పెట్టె అదే, నంబరు అదే, లోపలి మెకానిజం మాత్రం వేరు. పాటలోని ప్రతి చిన్న ముక్కనూ వెంటవెంటనే రెండుసార్లు చదివించి, రెండూ ఒకటైతేనే నేను ఒప్పుకుంటాను. పాత డ్రైవ్ రెండుసార్లూ డిస్కునే చదివేది. కొత్తది మొదటిసారి చదివింది తన మెమరీలో దాచుకుని, రెండోసారి అడిగితే అదే తీసిచ్చింది. తప్పు చదివినా రెండూ ఒకేలా కనిపిస్తాయి, రిపోర్టులో సున్నా పడుతుంది.

డీలర్‌ని అడిగితే, "కంపెనీ మార్చింది, మాకేం తెలుసు? పెట్టె విప్పేశారు కదా, వాపసు లేదు" అన్నాడు. ఎనిమిదేళ్లలో ఒక్క బిల్లు బాకీ పెట్టలేదండీ నేను. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఇకమీదట అతని దగ్గర ఒక్క కేబుల్ కూడా కొనను, బయట వంద ఎక్కువైనా సరే. అయితే కొత్త డ్రైవ్ మెమరీలో దాచుకుంటుందో లేదో తెలుసుకునే పరీక్ష ఒకటుంది, పది నిమిషాల పని. మోడల్ ఒకటే కదా అని పాత సెట్టింగులే ఉంచేసి, ఆ పరీక్ష చేయలేదు. అది అచ్చంగా నా తప్పు.

ఆ మూడు నెలల్లో ఎక్కించినవి 1,140 డిస్కులు. అందులో 430, ఆన్‌లైన్‌లో ఉండే ఆక్యురేట్‌రిప్ డేటాబేస్‌లో ఇతరులు తీసిన కాపీలతో సరిపోయాయి కాబట్టి వాటికి ఢోకా లేదు. మిగతా 710 అందులో లేనివి. చిన్న కంపెనీల కచేరీలు, హరికథలు, ఇంట్లో రికార్డు చేసుకున్నవి. పాత డ్రైవ్ ఒకటి బాగు చేయించి వాటిలో 20 మళ్లీ చదివించాను. 17 అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి, 3 తేడా వచ్చాయి. మాస్టారి డిస్కులో తేడా 30 శాంపిళ్లలోపే. సీడీలో సెకనుకు 44,100 శాంపిళ్లు ఉంటాయి, అంటే సెకనులో వెయ్యో వంతు కూడా కాదు.

ఇక్కడే వారం రోజులు నిద్రపట్టలేదు. నాతో వచ్చే మా బావమరిది, "అడిగినవాళ్లకే చేద్దాం బావా, అంత శ్రద్ధగా ఎవరు వింటారు?" అన్నాడు. ప్రయాణాలతో కలిపి నెల రోజుల పని, రూపాయి రాదు. డిసెంబరులో అమెరికా నుంచి పిల్లలొచ్చే ఇళ్ల బుకింగులు అప్పటికే ఒప్పుకుని ఉన్నాను. వాడు చెప్పిందే సరేననుకుని ఒక రాత్రి పడుకున్నాను కూడా. తెల్లారాక మనసొప్పలేదు. వినేవాళ్లుంటారనే కదా ఎంపీత్రీలో కాకుండా, శబ్దంలో ఏమీ పోగొట్టని ఫ్లాక్‌లో ఇస్తున్నాను! 710 డిస్కులూ మళ్లీ చేస్తాను, ఉచితంగా.

గుంటూరులో ఒక అమ్మగారి సీడీలు మాత్రం మళ్లీ చేయలేను. వాళ్ల నాన్నగారు పోతన పద్యాలు చదివిన డిస్కులు కూడా అందులో ఉన్నాయి. పని కాగానే "ఇక వీటితో అవసరం లేదండీ" అన్నది నేనే. ఆవిడ పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. ఆ ఫైళ్లన్నీ కూర్చుని విన్నాను, పద్యాల్లో రెండు చోట్ల టిక్ ఉంది. డబ్బు వాపసిస్తానంటే వద్దన్నారు. వినకుండా ఖాతాలో వేసేశాను. సీడీలతో అవసరం లేదన్న మాట ఇక ఎవరికీ చెప్పను. మీ సీడీలు మీ దగ్గరే ఉంచుకోండి.

ముందు బందరు ఇళ్లకు వస్తాను, ఉప్పుగాలికి అక్కడ కొన్ని డిస్కులకు లేబుల్ వైపు వెండి పొర పెచ్చులు లేస్తోంది. తర్వాత తెనాలి, గుంటూరు, చివర్న విజయవాడ. వచ్చే ముందు రోజు ఫోన్ చేస్తాను. ఈలోగా డిస్కుల్ని తుడవకండి, ముఖ్యంగా పేరు రాసి ఉన్న వైపు. నేనొచ్చి చూసుకుంటాను.