సైకిలుకు మడ్‌గార్డులు: ముందు చక్రం దగ్గర మరింత జాగ్రత్త

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇప్పుడు అమ్మకానికి వస్తున్న సైకిళ్లలో, ముఖ్యంగా గేర్లున్న వాటిలో, చాలావాటికి మడ్‌గార్డులు ఉండటం లేదు. కొన్నవారు తొలి వానకు వీపు మీద బురద చార పడేదాకా ఆ సంగతే తలచుకోరు. ఆ తరువాత ఒక పొట్టి ప్లాస్టిక్ రెక్కను సీటు కింద తగిలించి, అంతటితో పని అయిపోయిందనుకుంటారు. మడ్‌గార్డు బిగించడం చిన్న పనే అయినా దానికొక పద్ధతి ఉందనీ, ముందు చక్రం విషయంలో ఆ పద్ధతి తప్పితే ప్రాణం మీదికి రావచ్చనీ మీ పత్రిక ద్వారా పాఠకుల దృష్టికి తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను.

తడి రోడ్డు మీద తిరిగే టైరు నీటిని ఎటు చిమ్ముతుందో గమనిస్తే మడ్‌గార్డు ఎంత పొడవు ఉండాలో తెలిసిపోతుంది. వెనుక చక్రం పైకి ఎత్తిన నీరు వీపు మీదికి ఎగురుతుంది. ఇది అందరికీ తెలిసిందే. ముందు చక్రం చేసే నష్టం మాత్రం అంతగా కంటికి కనిపించదు. ఆ టైరు నేలను వదిలే చోటునుంచే నీరు వెనక్కి చిమ్మి పాదాల మీద, పెడళ్ల ఇరుసు మీద, చైను మీద పడుతుంది. ఆ నీటితోపాటు వచ్చే సన్నని ఇసుక చైను నూనెలో కలిసి, లింకులనూ పళ్ల చక్రాలనూ ఆకురాయిలా అరగదీస్తుంది. అందువల్ల ముందు మడ్‌గార్డు, ముందు చక్రాన్ని ఇరువైపులా పట్టి ఉంచే ఫోర్కుకు వెనుక బాగా కిందికి దిగాలి, దాని చివర ఒక రబ్బరు రెక్క కూడా ఉండాలి. ఫోర్కు దాటి నాలుగు వేళ్ల పొడవుకే ఆగిపోయే మడ్‌గార్డు కాళ్లనూ కాపాడదు, చైనునూ కాపాడదు. వెనుక మడ్‌గార్డు కూడా తగినంత కిందికి దిగితే మన వెనుక వచ్చేవారి ముఖాన బురద పడదు. కలిసి ప్రయాణించేవారి పట్ల అది కనీస మర్యాద అని నా అభిప్రాయం.

కొనే ముందు టైరు పక్కగోడ మీది అంకెలు చూసుకోవాలి. అక్కడ 37-622 అని ఉంటే మొదటి అంకె టైరు వెడల్పు, రెండవది టైరు రిమ్ములో కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. 28 అంగుళాలు, 29 అంగుళాలు అని వేరువేరు పేర్లతో అమ్మే చక్రాలకు సాధారణంగా ఈ 622 కొలతే ఉంటుంది కనుక పేరు కంటే ఈ అంకెను నమ్మడం మేలు. మడ్‌గార్డు వెడల్పు టైరు కంటే సుమారు 10 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఖాళీ కూడా దాదాపు అంతే ఉండి, చక్రం చుట్టూ ఒకే తీరుగా కనిపించాలి. ఈ ఖాళీని టైరులో పూర్తిగా గాలి నింపిన తరువాతే చూసుకోవాలి.

బిగించేటప్పుడు తొందర పనికిరాదు. ముందుగా ఫోర్కు పైభాగంలోనూ, వెనుక ఫ్రేము అడ్డపట్టీల దగ్గరా మడ్‌గార్డును వదులుగా నిలబెట్టి, ఆ తరువాత మడ్‌గార్డును పక్కలనుంచి పట్టి ఉంచే సన్నని కడ్డీలను ఇరుసు దగ్గరి రంధ్రాలకు కలిపి, చక్రాన్ని తిప్పి చూస్తూ అన్ని బోల్టులనూ కొద్దికొద్దిగా బిగించుకుంటూ రావాలి. కడ్డీలతో బలవంతంగా లాగి వంపు తెప్పిస్తే ప్లాస్టిక్ మడ్‌గార్డు ఆ ఒత్తిడికి కొన్నాళ్లకే పగులుతుంది. చైను ఉన్న వైపు బోల్టు కొన లోపలికి పొడుచుకు రాకూడదు. వస్తే చైను అతి చిన్న పళ్ల చక్రం మీదికి దిగినప్పుడు దానికి తగులుతుంది. నైలాన్ వలయం ఉన్న నట్లు వాడితే అదురుకు వదులు కావు. కడ్డీల అదనపు పొడవును కోసి, కొనలకు టోపీలు తొడగాలి. చివరగా పెడల్‌ను ముందుకు పెట్టి హ్యాండిల్‌ను పక్కకు తిప్పి, బూటు కొన మడ్‌గార్డుకు తగులుతుందేమో చూసుకోవాలి. నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు ఇలా తగిలే పడిపోతారు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయం. రోడ్డు మీది పుల్లో రెమ్మో ముందు చక్రంతోపాటు పైకి లేచి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఇరుక్కుంటే, చక్రం దాన్ని లోపలికి లాగుతుంది. మడ్‌గార్డు మడత పడి చక్రం ఒక్కసారిగా బిగుసుకుంటుంది. తొక్కుతున్న మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకు పడతాడు. ఈ ప్రమాదాన్ని తప్పించడానికే మంచి ముందు మడ్‌గార్డుల కడ్డీలకు, గట్టిగా లాగితే ఊడివచ్చే ప్లాస్టిక్ క్లిప్పులు పెడతారు. సైకిళ్ల భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4210లోనూ ముందు మడ్‌గార్డుకు ప్రత్యేక పరీక్ష ఉంది. ఆ క్లిప్పు ఊరికే ఊడిపోతోందని విసుగుపడి దాని స్థానంలో బోల్టు వేయడం, ఇనుప తీగతో కట్టేయడం ఎంతమాత్రం తగదు. ఊడడమే దాని పని. అలాగే ఖాళీ మరీ తక్కువైనా, మడ్‌గార్డు వదులుగా ఊగుతున్నా ఈ ప్రమాదం పెరుగుతుంది కాబట్టి, కొత్తగా బిగించిన తరువాత కొద్ది రోజులకే బోల్టులన్నిటినీ మరొకసారి సరిచూసుకోవాలి.

రంధ్రాలు లేని ఫ్రేములకు లోపల రబ్బరు పూత ఉన్న క్లిప్పులను గొట్టం చుట్టూ బిగించి కడ్డీలను కలపవచ్చు. కార్బన్ ఫోర్కులకు మాత్రం ఆ పని చేయకూడదు. గతుకులకు స్ప్రింగుతో అణిగే సస్పెన్షన్ ఫోర్కు ఉంటే చక్రంతోపాటు కదిలే కిందిభాగానికే మడ్‌గార్డును అమర్చాలి. పైభాగానికి అమర్చితే స్ప్రింగు అణిగినప్పుడల్లా టైరు వెళ్లి దానికి తగలవచ్చు.

సైకిళ్లు తయారుచేసేవారికి కూడా ఒక విన్నపం. బరువు తగ్గాలనో, చూడడానికి పందెపు సైకిలులా ఉండాలనో మడ్‌గార్డులు తీసేస్తే తీసేయండి. కానీ బడికో పనికో రోజూ తొక్కే సైకిలుకు ఫ్రేము మీదా ఫోర్కు మీదా ఆ నాలుగు రంధ్రాలైనా ఉంచండి, టైరు పైన తగినంత ఖాళీ వదలండి. రంధ్రమూ ఖాళీ లేని ఫ్రేముకు పూర్తి పొడవు మడ్‌గార్డు సరిగా బిగించడం ఎంత నేర్పున్న మెకానిక్‌కైనా కష్టమే.

భవదీయుడు,
ఒక పాఠకుడు