డీజిల్ లారీకి పెట్రోలు కారు సలహాలు: మీ వాక్యూం రిపేరు కిట్టుపై ఫిర్యాదు

స్వీకర్త: నాణ్యతా విభాగం అధికారి గారు, బ్రేకు వాక్యూం రిపేరు కిట్లు తయారుచేసే కంపెనీ
పంపువారు: లైట్ ట్రక్కుల బ్రేకు పని చేసే మెకానిక్కులు, ఆటోనగర్, విజయవాడ

విషయం: పాత టాటా 407 డీజిల్ లారీలకు మీరు అమ్ముతున్న వాక్యూం కిట్టులో హోస్, వాల్వు లోపాలు, సూచనల కాగితంలో ప్రమాదకరమైన తప్పులు.

అయ్యా,

బ్రేకు పెడల్‌ను తేలిక చేసే బూస్టరు వాక్యూంతో, అంటే గాలి లాగేసిన ఖాళీతో, పనిచేస్తుంది. దాని లైనుకు మీరు ఇచ్చే కిట్టులో ఒక మీటరు హోస్ (రబ్బరు గొట్టం), ఒక నాన్ రిటర్న్ వాల్వు (గాలిని ఒక వైపే పోనిచ్చేది), నాలుగు క్లిప్పులు, ఒక సూచనల కాగితం వస్తున్నాయి. క్లిప్పులతో మాకు పేచీ లేదు. మిగిలిన మూడింటితోనూ ఉంది. ముందు కాగితం సంగతే చెబుతాం. హోస్ చెడితే ఒక బండికే ముప్పు. కాగితం తప్పయితే దాన్ని చదివిన ప్రతి షెడ్డులోనూ పని తప్పుతుంది.

మూడో సూచనలో “ఇంజిన్ నడుస్తుండగా హోసుల మీద పెట్రోలు గానీ కార్బురేటర్ క్లీనర్ గానీ చల్లండి, వేగం మారిన చోట లీకు ఉన్నట్టు” అని రాశారు. ఇది పెట్రోలు ఇంజిన్ల పద్ధతి. అక్కడ వాక్యూం ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) నుంచి వస్తుంది కాబట్టి లీకు దగ్గర చల్లింది సిలిండర్లలోకి వెళ్లి వేగం మారుతుంది. 407 డీజిల్ బండి. దాని ఇన్‌టేక్‌లో గాలిని అడ్డే థ్రాటిల్ లేదు, బ్రేకు బూస్టరుకు చాలినంత వాక్యూం అక్కడ పుట్టదు. అందుకే డైనమో వెనక, రెక్కలతో (వేన్లతో) గాలి లాగే వేన్ పంపు పెట్టారు. ఆ పంపు లాగిన గాలి ఆయిలుతో కలిసి కింద సంపు (ఇంజిన్ ఆయిలు తొట్టి) వైపు పోతుంది. కాబట్టి ఎంత లీకున్నా, ఎంత చల్లినా వేగం మారి చూపదు. మెకానిక్కేమో లీకు లేదనుకుని బండి వదిలేస్తాడు. ఈలోగా పెట్రోలు వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడుతుంది, దాని ఆవిరి సంపులోకి చేరుతుంది. షెడ్డు అంటుకోవడానికి అంతకన్నా ఏం కావాలి? ఈ ఒక్క వాక్యం కోసమైనా ఆ కాగితాన్ని వెంటనే ఆపాలి.

ఐదో సూచన: “గేజి 700 మి.మీ. కన్నా తక్కువ చూపితే పంపు మార్చండి.” ఏ ఊళ్లో? ఉన్న వాయుపీడనాన్ని మించి వాక్యూం రాదు. సముద్ర మట్టం దగ్గర అది పాదరసం లెక్కలో 760 మి.మీ. ప్రతి 100 మీటర్ల ఎత్తుకూ సుమారు 9 మి.మీ. తగ్గుతుంది. విజయవాడలో మంచి పంపు 700 చూపవచ్చు. హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ మొత్తం పీడనమే 712 దరిదాపుల్లో ఉంటుంది. అరకులో అయితే 680. అంటే మీ లెక్కన అరకులో తిరిగే ప్రతి బండి పంపూ, కొత్తదైనా సరే, చెత్తకుప్పకే పోవాలి. ఆ ఊరి పీడనంలో 90 శాతం వస్తే పంపు బాగున్నట్టే అని మేము చూస్తాం: విజయవాడలో 680, హైదరాబాద్‌లో 640, అరకులో 610. ఫోన్లో వాతావరణం యాప్ చూపే పీడనాన్ని దీనికి వాడకూడదని కూడా రాయండి. అది సముద్ర మట్టానికి సరిచేసిన అంకె.

లీకు వెతికే వరుస కాగితంలో అసలే లేదు. డైనమో బెల్టు జారడం లేదని ముందు చూడాలి. తర్వాత హోస్ విప్పి గేజిని నేరుగా పంపు మూతికి పెట్టాలి. అక్కడ రీడింగు బాగుంటే పంపును వదిలేయాలి. ఆపైన వాల్వు, వాక్యూం ట్యాంకు ఉన్న బండ్లలో ఆ ట్యాంకు, చివరికి బూస్టరు, ఒక్కొక్కటీ కలుపుతూ రావాలి. ఏది కలిపాక ముల్లు పడిందో లీకు అందులోనే ఉంటుంది. ఇంజిన్ ఆపాక 5 నిమిషాల్లో 50 మి.మీ. కన్నా ఎక్కువ పడితే మేము బండి వదలం. పెడల్ తొక్కినప్పుడే బుస్సుమని ఆగకుండా వినిపిస్తే హోస్‌ను అనుమానించనక్కర్లేదు, బూస్టరు లోపలి డయాఫ్రం (రబ్బరు పొర) గానీ వాల్వు గానీ పోయినట్టు. సబ్బు నీళ్లు వాడాలంటే పంపు, బూస్టరు రెండూ విప్పి, లైనులోకి 5 పీఎస్ఐ దాటకుండా గాలి పెట్టాలి. వాక్యూం ఉండగా పూస్తే బుడగ రాదు, నీళ్లు లోపలికి పోతాయి.

ఇక హోస్. అది వాక్యూం హోస్ కాదు, రేడియేటరు నీళ్ల హోస్ రకం. లోపల నూలు అల్లిక పలచన, రబ్బరు మెత్తన. చల్లగా ఉన్నప్పుడు గేజి దగ్గర ఏ లోపమూ కనబడదు. గంట నడిచి ఇంజిన్ వేడెక్కాక వంపు దగ్గర హోస్ లోపలికి నొక్కుకుపోతుంది. పంపు వైపు గేజి నిండుగా చూపుతుంది, బూస్టరు వైపు సగం కూడా ఉండదు, పెడల్ రాయిలా గట్టిపడుతుంది. రెండు చివర్లా రెండు గేజీలు పెడితేనే ఇది దొరుకుతుంది. దానికి తోడు ఇంజిన్ ఆయిలు తగిలితే ఆ రబ్బరు ఉబ్బుతోంది. నీళ్ల హోసులకు వాడే ఈపీడీఎం రబ్బరు గుణం అదే. పంపు దగ్గర ఆయిలు తగలకుండా ఉండదు. అక్కడ ఆయిలును తట్టుకునే నైట్రైల్ రబ్బరు లోపలి పొర ఉన్న, నొక్కుకుపోని హోసే కావాలి.

వాల్వు విషయం ఇంకా బాధాకరం. చేతి వాక్యూం పంపుతో 500 మి.మీ. పట్టి చూస్తే, మేము తెరిచిన 6 కిట్లలో 4 వాల్వులు నిమిషంలోపే 300 కిందికి వదిలేశాయి. ఘాట్ రోడ్డులో దిగుతుండగా ఇంజిన్ ఆగిందనుకోండి. మంచి వాల్వు ఉంటే నిలవ ఉన్న వాక్యూంతో రెండు మూడుసార్లు పెడల్ తేలిగ్గా దిగుతుంది. మీ వాల్వుతో ఆ నిలవ త్వరగా కారిపోయి డ్రైవరు కాలి బలం ఒక్కటే మిగులుతుంది. పైగా ఇంజిన్ ఆపిన ప్రతిసారీ నిలవ వాక్యూం పంపులోని ఆయిలును వెనక్కి లాగుతుంది, అది బూస్టరులోకి చేరి డయాఫ్రాన్ని పాడుచేస్తుంది. వందల రూపాయల వాల్వు వల్ల వేల రూపాయల బూస్టరు పోతోంది.

మేము కోరేది ఇది. ఈ కాగితాన్ని ఉపసంహరించి, సరిచేసిన తెలుగు కాగితాన్ని డీలర్లందరికీ పంపండి. దుకాణాల్లో ఉన్న కిట్లను వెనక్కి తీసుకోండి. ఇప్పటికే బిగించిన హోస్, వాల్వులకు బదులుగా సరైనవి ఉచితంగా ఇవ్వండి, బిగింపు కూలి కూడా చెల్లించండి. కొత్త పంపు బిగించేవారికి, తిప్పే ముందు దాని నోట్లో 5 నుంచి 10 మి.లీ. ఇంజిన్ ఆయిలు పోయాలని చెప్పండి. పొడిగా తిరిగితే వేన్లు మొదటి నిమిషంలోనే గీసుకుపోతాయి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సరైన సూచనలు ఇవ్వకపోవడం వల్ల జరిగే హానికీ తయారీదారుడే బాధ్యుడు. బతుకుతెరువు కోసం సొంత లారీ నడుపుకునేవారికి కూడా ఆ చట్టం వర్తిస్తుంది. 30 రోజుల్లో మీ నుంచి రాతపూర్వక జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాం.

వాక్యూం వదిలేసిన 4 వాల్వులు, ఉబ్బిన హోస్ ముక్కలు, వాటి ప్యాకెట్లు బ్యాచ్ నంబర్లతో సహా మా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీ ఇంజినీరును పంపితే ఆయన ఎదుటే గేజి పెట్టి చూపిస్తాం.

ఇట్లు,
లైట్ ట్రక్కుల బ్రేకు మెకానిక్కులు,
ఆటోనగర్, విజయవాడ

జతపరిచినవి: కిట్ల బిల్లుల నకళ్లు, సూచనల కాగితం నకలు, గేజి రీడింగుల ఫొటోలు.