క్రిస్మస్ టేబుల్ కవర్లు ఆలస్యమవుతాయి, కారణం ఇదీ

మా లేసు కొనే అందరికీ వందనాలు.

క్రిస్మస్‌కి ఇస్తానన్న టేబుల్ కవర్లు జనవరి నెలాఖరుకి గానీ అందవు. ఎందుకో దాచకుండా చెబుతాను.

మార్చిలో పంపిన పెద్ద సరుకుకి డబ్బు ఇంకా రాలేదు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో 22 మంది అక్కలు మాకు అల్లిపెడతారు. వంటపని అయ్యాక అరుగు మీద కూర్చుని పువ్వులు అల్లుతారు, వాటిని కలిపే అతుకుపని ఇంకొందరిది. వాళ్ల కూలి ఆపలేను. ఆ టెన్షన్‌లో ఆగస్టులో తప్పు చేశాను. 18 కవర్లకి మిషన్ లేసు అంచు వేయించి, మొత్తం చేతిపనే అని అమ్మాను. 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేక సరుకు అని చెప్పే ముద్ర) తెచ్చుకున్న నరసాపురం లేసు పేరు మీద అమ్మాను.

‘దేవుని కొరకు కనిపెట్టుకొని ఉండండి’, అంటే ఓపికగా ఎదురుచూడండి అని చర్చిలో ఎంతమందికి చెప్పానో. తర్వాత ఒకరోజు అబ్రాహాము కథ చదువుతుంటే నా పని నాకే కనిపించింది. దేవుడు ఆయనకి సంతానం ఇస్తానని మాటిచ్చాడు. హారాను ఊరు విడిచినప్పుడు ఆయనకి 75 ఏళ్లు, భార్య శారాకి ఇస్సాకు పుట్టేసరికి 100. మధ్యలో, 86వ ఏట, శారా దాసి హాగరుకి ఆయన వల్ల ఇష్మాయేలు పుట్టాడు. దేవుడు ఇస్తానన్నదాన్ని అబ్రాహాము, శారా తామే తొందరగా తెచ్చుకోవాలని చూశారు. ఆ తొందరకి కష్టపడింది హాగరూ, ఆ పిల్లవాడూ. నా తొందరకి మోసపోయింది మీరు. అయినా దేవుడు అబ్రాహాముకిచ్చిన మాట తప్పలేదు, అరణ్యంలో ఆ తల్లీబిడ్డలకి నీళ్ల బావి కూడా చూపించాడు. అది చదివాకే క్షమాపణ అడిగే ధైర్యం వచ్చింది.

ఆ మార్చి సరుకు డబ్బు ఫలానా తేదీకి వస్తుందని దేవుడు నాకు మాటివ్వలేదు. నిన్ను విడువను, ఎడబాయను అన్నాడు. ఆ మాట పట్టుకునే ఇప్పుడు కనిపెడుతున్నాను, భయం లేకుండా.

బిల్లు పుస్తకం చూసి ఆ 18 కవర్లు కొన్న 18 మందిలో 11 మందికి ఫోన్ చేశాను. ఇద్దరు గట్టిగా కోప్పడ్డారు, అది న్యాయమే. మిగతావాళ్లకి ఈ వారంలో చేస్తాను. కవరు తిరిగి ఇచ్చినా, ఇవ్వకపోయినా డబ్బు మొత్తం వెనక్కి ఇస్తాను, నెలకి ఆరుగురి చొప్పున.

క్రిస్మస్ ఆర్డర్ వద్దనుకునేవాళ్లు చెప్పండి, అడ్వాన్స్ ముందు మీకే ఇస్తాను. ఆగుతామనేవాళ్లకి అంచుతో సహా చేతిపనే అందుతుంది. నూలు కొద్దికొద్దిగా కొంటున్నాం. నిన్న సాయంత్రానికి మొదటి కవరుకి 40 పువ్వులు పూర్తయ్యాయి.