అక్రిడిటేషన్ కార్డుల జారీపై అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

విలేకరులకు ప్రభుత్వ గుర్తింపు కార్డులు (అక్రిడిటేషన్ కార్డులు) మంజూరు చేసే జిల్లా మీడియా అక్రిడిటేషన్ కమిటీకి అధ్యక్షులు మీరే కనుక ఈ విన్నపం మీ ముందుంచుతున్నాను. నేను విలేకరిని కాను, జిల్లా పేజీలో మా మండలం వార్తల కోసం చూసే పాఠకుణ్ణి మాత్రమే.

దరఖాస్తుదారు ఏ పత్రికకు పనిచేస్తున్నారు, అనుభవం ఎంత అని పరిశీలించినంత శ్రద్ధగానే, ఆయనకున్న ఇతర రాబడి ఏమిటి, అది ఎవరి సంతకం మీద ఆధారపడి ఉంది అన్నది కూడా పరిశీలించాలని నా మనవి. పెన్నా, చిత్రావతి ఇసుకను ట్రాక్టర్లతో తోలించే వ్యక్తే ఆ మండలానికి విలేకరి అయితే ఇసుక అక్రమాల వార్త ఎవరు రాస్తారు? బంధువు పేరున సిమెంటు రోడ్డు పని చేయించి, బిల్లు కోసం ఇంజనీరు చుట్టూ తిరుగుతున్న వ్యక్తి ఆ రోడ్డు నాణ్యతపై నిజం రాయగలరా? విలేకరులుగా ఉన్న రేషన్ డీలర్ల విషయమూ అంతే. బస్సు రాయితీ, ఆరోగ్య పథకం వంటి సౌకర్యాలతో పాటు ఆఫీసుల్లో పలుకుబడినీ ఇచ్చే ఈ కార్డు, ఇలాంటి చోట వార్తకు కాక వ్యాపారానికి అండగా నిలుస్తుంది.

అయితే ఇలాంటి నియమం పెడితే దాని భారం పేదవారి మీద పడకూడదు. మండలాల నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్లలో చాలామందికి నెల జీతమే లేదు. పైగా పండుగలకూ నాయకుల పుట్టినరోజులకూ ప్రకటనలు తెమ్మని యాజమాన్యాలే వారిని ఒత్తిడి చేస్తాయి. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద విరుద్ధ ప్రయోజనం (వార్తకు అడ్డుపడే సొంత లాభం) అదే, ఎందుకంటే నిన్న ప్రకటన ఇచ్చిన నాయకుణ్ణి నేడు ప్రశ్నించడం ఎవరికీ సులభం కాదు. పాత్రికేయమే ప్రధాన వృత్తిగా ఉన్నవారిని వర్కింగ్ జర్నలిస్టులుగా 1955 నాటి చట్టం నిర్వచించింది. ప్రధాన వృత్తి ఏదన్నది రాబడిని బట్టి మాత్రమే కొలిస్తే, నాలుగెకరాల్లో వేరుశనగ వేసుకుని బతుకుతూ నిజాయితీగా వార్తలు పంపే మనిషే ముందుగా అనర్హుడవుతాడు. వేరే రాబడి ఉండటం తప్పు కాదు, తాను రాయవలసిన విషయంలోనే ఆ రాబడి ఉండటం తప్పు.

అందువల్ల దరఖాస్తుదారులూ వారి కుటుంబ సభ్యులూ ప్రభుత్వంతో, స్థానిక సంస్థలతో జరిపే కాంట్రాక్టులు, లైసెన్సులు, డీలర్‌షిప్‌ల వివరాలతో ప్రమాణపత్రం తీసుకుని, దానిని ప్రజలు చూసేలా ఉంచండి. యాజమాన్యం ప్రకటనల లక్ష్యం పెట్టిందో లేదో కూడా అందులో రాయించండి. కమిటీ సభ్యులు తమ సంస్థ దరఖాస్తులు చర్చకు వచ్చినప్పుడు పక్కకు తప్పుకోవాలి. కార్డు నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా ఇచ్చి, వాదన వినిపించుకునే అవకాశం కల్పించాలి. 2022 ఫిబ్రవరిలో వెలువడిన కేంద్ర మార్గదర్శకాలు ప్రజాశాంతి, మర్యాద, నైతికత వంటి విస్తృతమైన కారణాలతోనూ అక్రిడిటేషన్ రద్దుకు వీలిచ్చినందుకు పాత్రికేయ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. మన జిల్లాలో అధికారులను విమర్శించినవారి కార్డు తీసేయడానికి ఈ అర్హత నియమం సాకు కాకూడదు.

కమిటీ తదుపరి సమావేశానికి ముందే ప్రమాణపత్రం నమూనాను ప్రకటించాలనీ, రాష్ట్ర నిబంధనలు మార్చవలసి ఉంటే సమాచార పౌర సంబంధాల శాఖకు ప్రతిపాదన పంపాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అనంతపురం