కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. వీధి దీపాలు, బోరు మోటారు రిపేరు, బతుకమ్మ ఏర్పాట్లు ఎప్పట్లాగే జరిగాయి. ఈ ఏడాది సంఘం టైమంతా ఎల్ఆర్ఎస్‌కూ (అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను రెగ్యులర్ చేసే పథకం) ఇంటి పర్మిషన్లకూ పోయింది కాబట్టి ఈ నివేదిక కూడా వాటి గురించే.

మనది పంచాయతీ రోజుల్లో పడ్డ వెంచర్, పట్టణ ప్రణాళిక శాఖ (డీటీసీపీ) ఆమోదించిన లేఅవుట్ కాదు. 2020లో ఎల్ఆర్ఎస్ వచ్చినప్పుడు చాలామందిమి వెయ్యి రూపాయలు కట్టి, రసీదు బీరువాలో పెట్టి మరిచిపోయాం. మార్చి 31లోపు ఫీజు కడితే 25 శాతం రాయితీ అని ప్రభుత్వం ప్రకటించేసరికి అందరికీ టెన్షన్ పట్టుకుంది. వాటర్ ట్యాంకు కింద టేబుల్ వేసి కాగితాలు చూశాం. దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు బియ్యం సంచుల్లో చుట్టి తెచ్చినవాళ్లూ ఉన్నారు. ఎక్కువమందిని భయపెట్టింది ఖాళీ స్థలం ఛార్జీ. లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. వెంచర్ వేసినాయన వదలాల్సిన జాగాకు మనం డబ్బు కట్టడం ఏం న్యాయమని సభ్యులు అడిగారు. అడగాల్సిందే. కానీ కట్టకుండా ప్లాటు రెగ్యులర్ కాదు, అది కానిదే ఇంటి పర్మిషన్ రాదు. కుంట పక్క గల్లీ వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఎఫ్‌టీఎల్, అంటే కుంట పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు, దాని లోపల పడిన ప్లాటును ఎల్ఆర్ఎస్ ఆదుకోదు. పది హెక్టార్ల కంటే చిన్న కుంటకైతే ఎఫ్‌టీఎల్ హద్దు దాటాక కూడా 9 మీటర్లు వదలాలి, పెద్ద చెరువుకైతే 30 మీటర్లు.

ఇక టీఎస్‌బీపాస్ పేరుతో 2020లో వచ్చిన ఆన్‌లైన్ ఇంటి పర్మిషన్ల పద్ధతి. 75 గజాల లోపు జాగాలో పైన ఒక్క అంతస్తు వరకైతే పర్మిషనే అక్కర్లేదు, రూపాయితో రిజిస్ట్రేషన్ చేసుకుంటే చాలు. 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి మన సొంత ధ్రువీకరణ మీద పర్మిషన్ అప్పటికప్పుడే వస్తుంది. ఇది మంచి పద్ధతే, కాదనం. అయితే కాగితం తొందరగా వచ్చిందని వెంటనే పునాది గుంతలు తీసేస్తున్నారు. మనం రాసింది తప్పని తర్వాత తేలితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం 2020 టీఎస్‌బీపాస్ చట్టంలో ఉంది.

మన కాలనీలో ఆ తప్పు దొర్లేది రోడ్డు దగ్గరే. దస్తావేజులో ‘తూర్పు: 25 అడుగుల రోడ్డు’ అని ఉంటుంది. మూడో గల్లీలో టేపు పట్టి కొలిస్తే ఈ గోడ నుంచి ఆ గోడకు వచ్చింది 21 అడుగులే. అరుగులు, మెట్లు, ర్యాంపులు కలిసి మిగతాది మింగేశాయి. రూల్ ప్రకారం ఇంటి ముందు రోడ్డు 9 మీటర్లు, అంటే దాదాపు 30 అడుగులు ఉండాలి. లేకుంటే రోడ్డు నడిమి గీత నుంచి 4.5 మీటర్లు లెక్కగట్టి, ఆ మేరకు మన జాగా వదలాలి. 21 అడుగుల రోడ్డుకు ఇటు నాలుగున్నర అడుగులు, అటు నాలుగున్నర అడుగులు పోతాయి. ముప్పై బై అరవై ప్లాటులో అది 15 గజాలు. ముందు వదలాల్సిన అయిదడుగుల సెట్‌బ్యాక్ ఆ తర్వాత మొదలవుతుంది. ఇది చెప్పినప్పుడు ఇద్దరు ముగ్గురు సభ్యులు మా మీదే కోప్పడ్డారు. అయినా చెబుతున్నాం: ప్లాను గీయించే ముందు ఇంజినీరును గల్లీలోకి తీసుకొచ్చి కొలిపించండి, ఆఫీసులో కూర్చుని దస్తావేజు చూసి గీసే ప్లాను ఒప్పుకోవద్దు.

మన మహబూబ్‌నగర్ 2025 జనవరిలో కార్పొరేషన్ అయింది. దీంతో రూల్స్ సడలుతాయనో, పాత కాగితాలు చెల్లవనో తిరుగుతున్న మాటలు నమ్మి ఎవరికీ డబ్బులివ్వకండి.

పార్కు జాగా సంగతి తేలలేదు. వెంచర్ అమ్మినప్పుడు పార్కు అని చూపించారే తప్ప మున్సిపాలిటీ పేర గిఫ్ట్ డీడ్ చేయలేదు. రికార్డులో ఆ జాగా ఇంకా పాత పట్టాదారు పేరు మీదే ఉంది, రేపు ప్లాట్లుగా అమ్మినా ఆపడం కష్టం. కమిషనర్ గారికి వినతిపత్రం ఇచ్చాం. ఆనాటి లేఅవుట్ బ్రోచర్ అసలు ప్రతి కావాలి, మా దగ్గర జిరాక్సే ఉంది. ఎవరింట్లోనైనా ఉంటే వచ్చే ఆదివారంలోపు కార్యదర్శికి అందజేయగలరు.

కార్యదర్శి