చిన్న కారుకు హైబ్రిడ్ ఎప్పుడిస్తారు?

సంపాదకులకు నమస్కారం.

2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల మీద జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజిను ఉంటే హైబ్రిడ్ కారుకు కూడా ఇప్పుడు 18 శాతమే. కానీ ఆ కొలతల్లో అసలు సిసలు స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజినుతో పాటు, కాసేపైనా తానొక్కటే కారును లాగగల కరెంటు మోటారు ఉన్నది) కొందామంటే మారుతి సుజుకి దగ్గర ఇంకా ఒక్కటీ లేదు. 1983లో మారుతి 800 తెచ్చి మనలాంటి వాళ్లను కారెక్కించిన కంపెనీ అది. అందుకే వేరే ఎవరినో కాకుండా వాళ్లనే అడుగుతున్నాను.

హైబ్రిడ్ కారు టయోటా ప్రియస్ జపాన్‌లో రోడ్డెక్కింది 1997లో. మారుతి 2015లో సియాజ్ డీజిల్‌కు చిన్న మోటారు తగిలించి హైబ్రిడ్ అంది. అది మైల్డ్ హైబ్రిడ్. ఇంజినుకు కాస్త చెయ్యి అందిస్తుందే తప్ప తనంతట తాను కారును లాగలేదు. 2017 ఏప్రిల్‌లో అలాంటి డీజిల్ కార్లకు కేంద్రం ఇచ్చే ఫేమ్ రాయితీ ఆగిపోయింది. జులైలో జీఎస్టీ వచ్చి పెద్ద హైబ్రిడ్‌ల మీద సెస్‌తో కలిపి 43 శాతం పడింది. ఎలక్ట్రిక్ కారుకేమో అప్పుడు 12 శాతం, 2019 నుంచి 5 శాతమే. ఇది అన్యాయమని కంపెనీ ఛైర్మన్ ఆర్.సి. భార్గవ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. ఆ మాటలో న్యాయం ఉంది, కాదనను. చివరికి 2022లో గ్రాండ్ విటారాతో స్ట్రాంగ్ హైబ్రిడ్ వచ్చింది, అదీ టయోటా టెక్నాలజీతో. తర్వాత వచ్చిన ఇన్విక్టో అయితే టయోటా హైక్రాస్‌కే ఇంకో పేరు. ఏది కొనాలన్నా 15 లక్షలు దాటాల్సిందే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది స్విఫ్ట్ సంగతి. 2017లోనే జపాన్‌లో స్విఫ్ట్‌ను పూర్తి (స్ట్రాంగ్) హైబ్రిడ్‌గా అమ్మారు. ఇప్పటి స్విఫ్ట్‌ను అక్కడ మైల్డ్ హైబ్రిడ్‌తో ఇస్తూ, అదే ఇంజినుతో 2024 మేలో మన దేశంలో దింపినప్పుడు ఆ మోటారు తీసేశారు. ధర పెరుగుతుందని అనుకున్నారేమో. కొనేవాడికి ఎంచుకునే వీలైనా ఇవ్వాలి కదా?

అలాగని హైబ్రిడ్‌లో లోటుపాట్లు లేవని కాదు. అవి షోరూంలో ఎవరూ చెప్పరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

గ్రాండ్ విటారా మామూలు మోడల్ డిక్కీ 373 లీటర్లు. హైబ్రిడ్‌లో బ్యాటరీ అక్కడే కూర్చుంటుంది కాబట్టి 265కు పడిపోయింది. డిక్కీ తెరిస్తే అడుగు భాగం ఎత్తుగా కనబడుతుంది. పెద్ద సూట్‌కేసు నిలబెట్టలేం. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేటప్పుడు బియ్యం బస్తా, పచ్చడి జాడీలు, పిల్లల బ్యాగులు అన్నీ అందులో పట్టవు. ఇరవై లక్షల కారు కొని సామాను ఒళ్లో పెట్టుకోవాలి.

మా విజయవాడ ఎండ మరో సమస్య. సిగ్నల్ దగ్గర ఇంజిను ఆగిపోయి ఏసీ బ్యాటరీ మీద నడుస్తుంది, బాగానే ఉంటుంది. కానీ ఆ బ్యాటరీ ఒక యూనిట్ కరెంటు కూడా పట్టనంత చిన్నది. మే నెల మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే కాసేపటికే ఇంజిను మళ్లీ అందుకుంటుంది. హైదరాబాద్ హైవే ఎక్కి వందలో పోతుంటే దాదాపు దారంతా ఇంజినే పనిచేస్తుంది. ప్రకటనలో చూపే లీటరుకు 27.97 కిలోమీటర్లు అక్కడ ఆశించకూడదు.

ఇక డబ్బు లెక్క. మామూలు ఆటోమేటిక్ కన్నా హైబ్రిడ్‌కు రెండున్నర లక్షలు ఎక్కువ పెట్టామనుకుందాం. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే ఇల్లు. లీటరుకు 15 బదులు 22 వస్తే నెలకు 21 లీటర్లు మిగులుతాయి. లీటరు 108 రూపాయల లెక్కన 2,300 లోపే. పెట్టింది తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు. బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్లు! రోజంతా సిటీలో తిరిగే ట్యాక్సీ అన్నకు మూడేళ్లలోనే గిట్టుబాటవుతుంది. కానీ ఆయన కొనగలిగే ధరలో కారే లేదు. చిన్న కారులో ఇవ్వాలని నేను పట్టుబట్టేది అందుకే.

వారంటీ అయ్యాక బ్యాటరీ మార్చాలంటే ఎంతవుతుందని ఇక్కడ ఒక షోరూంలో అడిగాను. అప్పటిదాకా గలగలా మాట్లాడిన అబ్బాయి "దాని గురించి టెన్షన్ వద్దు సార్, అంతదాకా రాదు" అన్నాడు. మేనేజర్‌ను అడిగితే ఫోన్ చేసి చెబుతామన్నారు. ఆ ఫోన్ ఇప్పటికీ రాలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లో కార్లు నీళ్లలో నానడం చూసిన ఊరు ఇది. డిక్కీ కింద బ్యాటరీ ఉన్న కారు అలా మునిగితే ఏం చెయ్యాలి, ఎవరు ముట్టుకోవాలి? దానికీ వాళ్ల దగ్గర సమాధానం లేదు.

మా ఆటోనగర్‌లో ఏ బండినైనా విప్పి బిగించగల మేస్త్రీలున్నారు. బానెట్ కింద నారింజ రంగు వైర్లు కనబడితే మాత్రం "కంపెనీకే తీసుకెళ్లండి" అంటున్నారు. వాళ్ల జాగ్రత్త సరైనదే, హై వోల్టేజ్‌తో ఆటలొద్దు. కానీ శిక్షణ ఇస్తే నేర్చుకోలేని పని కాదు.

2025 ఆగస్టులో గుజరాత్‌లోని హన్సల్‌పూర్‌లో సుజుకి, తోషిబా, డెన్సో కలిసి పెట్టిన ప్లాంటులో హైబ్రిడ్ బ్యాటరీ ఎలక్ట్రోడ్‌ల తయారీని ప్రధాని ప్రారంభించారు. విడిభాగాలు ఇక్కడే తయారవుతున్నాయి, చిన్న కారుకు పన్నూ తక్కువే. స్విఫ్ట్, డిజైర్, వాగనార్‌లలో స్ట్రాంగ్ హైబ్రిడ్ ఎప్పుడు ఇస్తారో మారుతి తేదీతో సహా ప్రకటించాలి. వారంటీ తర్వాత బ్యాటరీ ధర ఎంతో ప్రతి షోరూంలో ధరల పట్టికలోనే రాసిపెట్టాలి. ఆటోనగర్ మేస్త్రీలకు హైబ్రిడ్ శిక్షణ కంపెనీ ఖర్చుతో మొదలుపెట్టాలి. ఉత్తరప్రదేశ్ 2024 జులైలో స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకు రిజిస్ట్రేషన్ పన్ను ఎత్తేసింది. మన రెండు తెలుగు ప్రభుత్వాలు కనీసం నాలుగు మీటర్ల లోపు హైబ్రిడ్ కార్లకైనా, ముఖ్యంగా ట్యాక్సీలకు, ఆ మేలు చెయ్యాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయవాడ